ప్రొటీన్ల జాబితాకు ముందు పార్సర్ ఉంది

సంపాదకులు గారికి,

నమస్కారం. ప్రొటీన్ల పరిశోధన గురించి మీ సైన్స్ పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. అణువుల ద్రవ్యరాశిని కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ పనితీరును, పెద్ద అణువులను చెదరకుండా ఆవేశిత కణాలుగా మార్చే పద్ధతులు కనిపెట్టినందుకు జాన్ ఫెన్, కోయిచి తనాకాలు 2002 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం పంచుకున్న సంగతిని వ్యాసకర్త చక్కగా వివరించారు. కానీ ఆ తరువాతి దశను మాత్రం ‘స్పెక్ట్రాలను కంప్యూటర్ డేటాబేస్‌తో పోల్చి, ప్రొటీన్ల జాబితాను ఇస్తుంది’ అన్న ఒక్క వాక్యంతో దాటించారు. ఆ వాక్యంలోని కామా దగ్గరే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. అందుకే ఈ ఉత్తరం.

ప్రొటీన్‌ను ముందుగా ట్రిప్సిన్ అనే ఎంజైముతో ముక్కలు చేస్తారు. లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల తరువాత గొలుసును తెంచడం దాని స్వభావం కనుక ఏ ప్రొటీన్ నుంచి ఏ ముక్కలు రావచ్చో ముందుగానే లెక్క కట్టవచ్చు. ఈ ముక్కలే పెప్టైడ్లు. యంత్రం ఒక్కొక్క పెప్టైడ్ ద్రవ్యరాశిని కొలిచి, దాన్ని మళ్ళీ పగలగొట్టి, ఆ తునకల ద్రవ్యరాశులను కూడా నమోదు చేస్తుంది. ఆ నమోదునే స్పెక్ట్రమ్ అంటాము. గంటా రెండు గంటల కొలతలో ఇవి పదివేల సంఖ్యలో పుట్టుకొస్తాయి. సెర్చ్ ఇంజిన్ అనే ప్రోగ్రాము వాటిలో ప్రతిదానికీ సరిపోయే పెప్టైడ్‌ను వెతికి, దొరికినదానికి ఒక స్కోరు వేసి, ఫలితాల ఫైలులో రాస్తుంది. అయితే ఆ ఫైలులో ఉండేది ప్రొటీన్ల జాబితా కాదు. ఫలానా స్పెక్ట్రమ్‌కు ఫలానా పెప్టైడ్ కావచ్చు, లేదా దాని తరువాతది కావచ్చు, అదీ కాకపోతే మూడోది కావచ్చు అనే ఊహల గుట్ట మాత్రమే అందులో ఉంటుంది. ఆ గుట్టను చదివి, ఏ అంకె దేనికి చెందిందో విడమరచి, తరువాతి గణాంకాలకు అందించే సాఫ్ట్‌వేరునే మేము పార్సర్ అంటాము. దీన్ని గుమాస్తా పని అని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో ఇది కొలతలో భాగం. తూనిక రాయి ఎంత ముఖ్యమో, ఆ రాయి మీది అంకెను చదివే కన్ను కూడా అంతే ముఖ్యం.

ఒక్కొక్క సెర్చ్ ఇంజిన్ ఒక్కొక్క లిపిలో రాయడం ఈ పనికి మొదటి చిక్కు. 1994లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన సీక్వెస్ట్ ప్రతి స్పెక్ట్రమ్‌కూ ఒక విడి ఫైలు రాసేది. ఒక ప్రయోగం పూర్తయ్యేసరికి ఫోల్డరులో పదివేల ఫైళ్ళు పేరుకునేవి. వాటిలోని పట్టికలు మనిషి కంటికి ఇంపుగా ఉండేలా ఖాళీలతో సర్దినవే తప్ప, యంత్రం చదవడానికి ఉద్దేశించినవి కావు. ఒక ప్రొటీన్ పేరు కాస్త పొడవైతే పక్క గడిలోకి జరిగేది, ఖాళీలను లెక్కపెట్టి చదివే పార్సర్ అక్కడితో దారి తప్పేది. 1999లో ప్రచురితమైన మాస్కాట్ అన్నింటినీ ఒకే ఫైలులో పెట్టింది, కానీ ఆ ఫైలు నిర్మాణాన్ని ఈమెయిల్ జోడింపుల పద్ధతి నుంచి తెచ్చుకుంది. 2004లో వచ్చిన ఎక్స్ టాండెమ్, ప్రతి అంశాన్నీ ట్యాగుల మధ్య రాసే ఎక్స్‌ఎంఎల్‌ను ఎంచుకుంది. మ్యాక్స్‌క్వాంట్ ట్యాబులతో విడదీసిన పట్టికలను ఇస్తుంది. అందరూ చెప్పేది ఒకే రకమైన విషయం. చెప్పే తీరు మాత్రం ఎవరిది వారిదే.

మాస్కాట్ ఫైలును కాస్త దగ్గరగా చూపిస్తాను. పది అమైనో ఆమ్లాల పెప్టైడ్‌కు ఎదురుగా అందులో ‘000001000000’ అనే వరుస ఉంటుంది. మొదటి సున్నా గొలుసు తలకు, చివరి సున్నా తోకకు చెందుతాయి. ఆ రెండింటి మధ్య ఉన్న పది అంకెలు పది అమైనో ఆమ్లాలకు చెందుతాయి. ఆ పదింటిలో అయిదో స్థానంలో 1 ఉంది కాబట్టి అయిదో అమైనో ఆమ్లం మీద ఏదో రసాయనిక మార్పు జరిగిందని అర్థం. ఏ మార్పు? అది ఈ వరుసలో లేదు. వెతుకులాట మొదలుపెట్టిన వ్యక్తి మార్పులను ఏ క్రమంలో ఎంచుకున్నారన్న దానిపై అది ఆధారపడుతుంది. నిన్నటి వెతుకులాటలో 1 అంటే ఆక్సీకరణ కావచ్చు, ఇవాళ్టి దానిలో అదే 1 ఎసిటైల్ సమూహం కావచ్చు. ఆ సంగతి ఫైలులో వేరొకచోట రాసి ఉంటుంది, అక్కడికి వెళ్ళి చూసుకోవాలి. చూసుకోకుండా ‘1 అంటే ఆక్సీకరణ’ అని ప్రోగ్రాములో శాశ్వతంగా రాసేసినవారిని నేను ఎరుగుదును. ఒకప్పుడు వారిలో నేనూ ఒకడిని.

అంతకన్నా సూక్ష్మమైన సంగతి ఇంకొకటి ఉంది. ప్రయోగానికి సిద్ధం చేసేటప్పుడు సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి మేము కావాలనే ఒక రసాయన సమూహాన్ని తగిలిస్తాము; దాని ద్రవ్యరాశి 57.02 డాల్టన్లు (డాల్టన్ అంటే అణువుల ద్రవ్యరాశికి మేము వాడే కొలమానం). నమూనాలోని సిస్టీన్లన్నింటికీ అది వర్తిస్తుంది కనుక మాస్కాట్ ఆ మార్పును పైన చెప్పిన వరుసలో చూపించదు. ఎక్స్ టాండెమ్ ప్రతి పెప్టైడ్ దగ్గరా చూపిస్తుంది. వేర్వేరు ఇంజిన్ల ఫలితాలను రాయడానికి వాడే పెప్ ఎక్స్‌ఎంఎల్ రూపంలోనైతే తగిలించిన 57.02 ఒక్కటే కాకుండా, సిస్టీన్ సొంత ద్రవ్యరాశి 103.01ని కూడా కలిపి 160.03 అని రాస్తారు. ఈ మూడు ఫైళ్ళనూ చదివి ఒకే పట్టికలో కలిపే పార్సర్ ఈ తేడాను ఎరగకపోతే ఒకే పెప్టైడ్ మూడు వేర్వేరు పెప్టైడ్లుగా లెక్కకు వస్తుంది. తప్పు జరిగినట్టు ఏ హెచ్చరికా రాదు. పైగా సంఖ్య పెరుగుతుంది కనుక అందరూ సంతోషిస్తారు.

స్కోర్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. సీక్వెస్ట్ స్కోరు ఎంత పెద్దదైతే అంత మంచిది. ఎక్స్ టాండెమ్ ఇచ్చే అంచనా విలువ ఎంత చిన్నదైతే అంత మంచిది. పట్టికను తలకిందులుగా వరుసపెట్టి, అన్నిటికన్నా చెత్త జవాబును మొదటి స్థానంలో నిలబెట్టే పొరపాటు కొత్తగా చేరిన ప్రతివారూ ఒకసారి చేస్తారు. అది వెంటనే బయటపడుతుంది కూడా. నన్ను భయపెట్టేవి బయటపడని పొరపాట్లు.

అటువంటిది నా చేతి మీదుగానే జరిగింది. అప్పట్లో నేను రెండు సెర్చ్ ఇంజిన్ల ఫలితాలను కలిపే పార్సర్ రాశాను. ఒక ఇంజిన్ పెప్టైడ్ ద్రవ్యరాశిని ఆవేశం లేని అణువు ద్రవ్యరాశిగా రాస్తుంది. రెండోది దానికి ఒక ప్రోటాన్‌ను, అంటే 1.00728 డాల్టన్లను, చేర్చి రాస్తుంది. ఇది పాత సీక్వెస్ట్ కాలం నుంచి వచ్చిన అలవాటు. యంత్రం కొలిచిన ద్రవ్యరాశిని నేను ఒక ఫైలు నుంచి, లెక్క ప్రకారం ఉండవలసిన ద్రవ్యరాశిని మరొక ఫైలు నుంచి తీసుకుంటూ, ఆ ప్రోటాన్‌ను తీసివేయడం మరచిపోయాను. ప్రతి పెప్టైడ్‌లోనూ ఒక డాల్టన్ పైచిలుకు తేడా రావాలి, అది కొట్టొచ్చినట్టు కనిపించాలి కదా అని మీరు అడగవచ్చు. కనిపించలేదు. కార్బన్‌లో 13 భారసంఖ్య గల ఐసోటోపు కొద్దిపాళ్ళలో ఉంటుంది. అది ఒకటి చేరిన పెప్టైడ్ 1.00335 డాల్టన్లు ఎక్కువ బరువుంటుంది. యంత్రం కొన్నిసార్లు స్పెక్ట్రమ్‌లోని అసలు శిఖరాన్ని వదిలి ఈ పక్క శిఖరాన్ని పట్టుకుంటుంది కనుక, తరువాతి దశలో ఉన్న ప్రోగ్రాములు ఆ మేరకు తేడాను క్షమిస్తాయి. నా ప్రోటాన్‌కూ ఈ ఐసోటోపు తేడాకూ మధ్య ఉన్నది 0.00393 డాల్టన్లు మాత్రమే. రెండు వేల డాల్టన్ల పెప్టైడ్‌కు అది పది లక్షలలో సుమారు రెండు వంతులు. మేము అనుమతించిన హద్దు పది వంతులు. నా తప్పు ఐసోటోపు వేషం వేసుకుని దర్జాగా గేటు దాటిపోయింది.

ఒక విద్యార్థిని ఒక సాయంత్రం నా దగ్గరకు వచ్చి, ‘సార్, ఈ ఒక్క ఇంజిన్ ఫలితాలలోనే ప్రతి పెప్టైడూ రెండో శిఖరం నుంచి వచ్చినట్టు చూపిస్తోంది, అలా ఉండవచ్చా?’ అని అడిగింది. ఉండకూడదు. కొన్ని ఉండవచ్చు, పెద్ద పెప్టైడ్లలో ఎక్కువగా ఉండవచ్చు, కానీ అన్నీ ఉండకూడదు. ఆ పార్సర్‌తో అప్పటికి రెండు నెలల పని జరిగింది. ఆ రాత్రి ప్రోగ్రాములో ఒకే ఒక్క వరుసను సరిచేశాను. ఆ రెండు నెలల ఫలితాలను తిరిగి లెక్కించడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. ఫైలులోని అంకెలన్నీ సరైనవే, సెర్చ్ ఇంజిన్ చేసిన తప్పేమీ లేదు, యంత్రం కొలిచినదీ సరిగ్గానే ఉంది. ‘ద్రవ్యరాశి’ అనే ఒకే మాటను రెండు ఫైళ్ళు రెండు అర్థాలలో వాడాయి, నేను ఒకే అర్థంలో చదివాను.

దీనికన్నా ప్రమాదకరమైనది డెకాయ్ గుర్తులు రాలిపోవడం. సెర్చ్ ఇంజిన్ ఏ స్పెక్ట్రమ్‌కైనా ఏదో ఒక జవాబు చెబుతుంది కనుక, అందులో ఎన్ని గాలివాటు జవాబులో తెలుసుకోవడానికి మేము డేటాబేసులో డెకాయ్‌లను, అంటే దొంగ ప్రొటీన్లను, కలుపుతాము. అసలు ప్రొటీన్ల వరుసలను వెనుక నుంచి ముందుకు తిరగరాస్తే అవి తయారవుతాయి. ప్రకృతిలో అవి లేవు. కాబట్టి వాటికి సరిపోయిన జవాబు ప్రతిదీ తప్పే. దొంగ ప్రొటీన్లకు వచ్చిన జవాబుల సంఖ్యను బట్టి, అసలు ప్రొటీన్ల జవాబులలో ఇంచుమించు ఎన్ని తప్పులు దాగి ఉన్నాయో అంచనా వేస్తారు. ఎలియాస్, గైగీ అనే శాస్త్రవేత్తలు 2007లో సమగ్రంగా వివరించిన ఈ పద్ధతి మీదనే ‘ఒక శాతం తప్పుల హద్దు’ అన్న మాట నేడు నడుస్తోంది.

ఆ దొంగలను గుర్తుపట్టేది పేరు ముందు తగిలించిన చిన్న ముద్రతో. మనిషి రక్తంలోని ఆల్బుమిన్‌కు యూనిప్రాట్ డేటాబేసులో ‘ఎస్‌పి|పి02768|ఆల్బు_హ్యూమన్’ అన్న శీర్షిక ఉంటుంది. దాన్ని తిరగరాసిన దొంగకు ‘రెవ్_ఎస్‌పి|పి02768|ఆల్బు_హ్యూమన్’ అని పెడతారు. ఇప్పుడు ఒక పార్సర్‌ను ఊహించండి. రెండు నిలువు గీతల మధ్య ఉన్న సంఖ్యే ప్రొటీన్ గుర్తింపు సంఖ్య అని దానికి నేర్పారు, అది నిజమే. అది రెండు శీర్షికల నుంచీ ‘పి02768’ని బుద్ధిగా తీసుకుంటుంది. ముద్ర గీతకు ఎడమ పక్కన ఉండిపోయింది. ఆ క్షణంలో దొంగ ఆల్బుమిన్ అసలు ఆల్బుమిన్ అయిపోయింది. పట్టికలో ఒక్క దొంగా మిగలలేదు కనుక తప్పుల శాతం సున్నా అని వస్తుంది. సున్నా చూసి అనుమానించడం నేర్పకపోతే, సున్నా చూసి అభినందించుకోవడమే మనిషి సహజ గుణం. ఈ ముద్ర కూడా అందరిదీ ఒకటి కాదు. మ్యాక్స్‌క్వాంట్ ఒక రకంగా రాస్తుంది, ఎంఎస్-జీఎఫ్ ప్లస్ అనే ఇంజిన్ ఇంకొక రకంగా రాస్తుంది, ఎవరికి వారు డేటాబేసు తయారుచేసుకున్నప్పుడు తోచినట్టు పెట్టుకుంటారు.

మీ వ్యాసంలో ‘వేల ప్రొటీన్లను గుర్తించారు’ అన్న మాట ఉంది. అక్కడ కూడా పార్సర్ పాత్ర ఉంది. ఒకే పెప్టైడ్ పోలికలున్న అనేక ప్రొటీన్లలో ఉండవచ్చు. పెప్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఒక ప్రొటీన్‌ను ముందు పేర్కొని, మిగిలినవాటిని ‘ప్రత్యామ్నాయాలు’గా కింద రాస్తుంది. మొదటి పేరును మాత్రమే తీసుకునే బద్ధకపు పార్సర్, ఏ ప్రొటీన్ పేరు ముందుగా వచ్చిందో దానికే ఆధారమంతా కట్టబెడుతుంది. ఆ ప్రొటీన్ నమూనాలో ఉందని కాదు, దాని పేరు ముందుగా వచ్చింది, అంతే. లూసిన్, ఐసోలూసిన్‌ల మాట ఎత్తనే అక్కరలేదు. వాటి ద్రవ్యరాశి ఒకటే కనుక సాధారణ కొలతలో యంత్రానికే ఆ తేడా తెలియదు, పార్సర్‌ను తప్పుపట్టి లాభం లేదు.

ఇన్ని లిపులు ఎందుకు, అందరూ ఒక ఒప్పందానికి రావచ్చు కదా అని పాఠకులు అడగవచ్చు. వచ్చారు. మానవ ప్రొటియోమ్ సంస్థ హ్యూపో ఆధ్వర్యంలో ప్రమాణాల బృందం 2002లోనే మొదలైంది. సెర్చ్ ఫలితాల కోసం వారు రూపొందించిన ఎంజెడ్‌ఐడెంట్ఎంఎల్ మొదటి రూపం 2009లో, విస్తృతంగా వాడుకలోకి వచ్చిన 1.1 రూపం 2011లో, 1.2 రూపం 2017లో వచ్చాయి. రసాయనిక మార్పులకు యూనిమాడ్ అనే ఉమ్మడి పట్టికలోని సంఖ్యలు వాడాలన్నారు. సిస్టీన్ మీది సమూహానికి 4, ఆక్సీకరణకు 35 అని రాస్తే క్రమం మారినా అర్థం మారదు. ఇది నిజంగా మేలు చేసింది. అయినా ఆ ఫైలులో స్పెక్ట్రమ్ ఒకచోట, పెప్టైడ్ ఒకచోట, అది ఏ ప్రొటీన్‌లో ఎక్కడ ఉందన్నది మూడోచోట, ప్రొటీన్ వరుస నాలుగోచోట ఉంటాయి. వీటిని గుర్తింపు సంఖ్యల దారాలతో కలుపుకుంటూ పోవాలి. పెద్ద ప్రయోగానికి ఫైలు అనేక గిగాబైట్లు అవుతుంది. మొత్తాన్ని ఒకేసారి మెమొరీలోకి ఎత్తుకునే పార్సర్ మధ్యలో కుప్పకూలుతుంది, వరుసగా చదువుకుంటూ పోయే పార్సర్‌కు నాలుగోచోట ఉన్నది ముందే గుర్తుండాలి. పైగా ప్రమాణం అనేక సంగతులను ఐచ్ఛికంగా వదిలింది. ఒకరు రాసినది మరొకరు రాయరు. ఇద్దరూ ప్రమాణం ప్రకారం సరైనవారే.

అంతా సరిగ్గా చదివిన తరువాత ఫలితాన్ని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి చెడగొట్టుకోవడం కూడా ఉంది. సెప్ట్2 అనే జన్యువు పేరును స్ప్రెడ్‌షీట్ సెప్టెంబరు 2వ తేదీగా మార్చేస్తుంది. జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్ళుగా జతచేసిన పరిశోధనా పత్రాలలో సుమారు అయిదో వంతుకు ఈ జబ్బు ఉందని 2016లో ఒక అధ్యయనం చూపింది. చివరికి సాఫ్ట్‌వేరును మార్చలేక జన్యువుల పేర్లనే మార్చుకున్నారు. 2020 నాటి మార్గదర్శకాలు ఈ సంగతిని స్పష్టంగా చెప్పాయి, సెప్ట్2 ఇప్పుడు సెప్టిన్2. ఇందులో నవ్వాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నా ఫిర్యాదు యంత్రాల మీద కాదు, ఈ పనికి మేమంతా ఇస్తున్న విలువ మీద. మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఏటా నిర్వహణ ఒప్పందం ఉంటుంది, క్రమం తప్పకుండా తెలిసిన నమూనాతో దాన్ని సరిచూస్తారు. అదే ప్రయోగశాలలో పార్సర్‌ను ఎప్పుడో పట్టా పుచ్చుకుని వెళ్ళిపోయిన విద్యార్థి రాసి ఉంటాడు, సెర్చ్ ఇంజిన్ కొత్త రూపం వచ్చినప్పుడు అది ఇంకా సరిగ్గా చదువుతోందా అని ఎవరూ చూడరు. పైటియోమిక్స్, ఓపెన్ఎంఎస్ వంటి, ఎవరైనా వాడుకోగల ప్రోగ్రాముల గ్రంథాలయాలు ఉన్నాయి కదా అంటారు. వాటిని నేనూ వాడతాను, అందరూ వాడాలనీ అంటాను. వేలమంది కళ్ళు పడిన ప్రోగ్రాము ఒక్కడు రాత్రిపూట రాసుకున్నదానికన్నా నమ్మదగినది. అయితే ఆ గ్రంథాలయం ఫైలులో ఉన్నది ఉన్నట్టు అందిస్తుంది. ఆ ద్రవ్యరాశిలో ప్రోటాన్ ఉందో లేదో, ఆ పేరు ముందు ముద్ర ఏమిటో అడిగి తెలుసుకోవలసిన బాధ్యత వాడేవారి దగ్గరే మిగులుతుంది.

మా దగ్గర ఇప్పుడు పాటిస్తున్నది పెద్ద విద్యేమీ కాదు. ప్రతి సెర్చ్ ఇంజిన్‌కూ ఒక చిన్న ఫలితాల ఫైలును దాచి ఉంచాము. సిస్టీన్ ఉన్న పెప్టైడ్ ఒకటి, తల మీద మార్పు ఉన్నది ఒకటి, రెండు ప్రొటీన్లకు చెందినది ఒకటి, దొంగ ప్రొటీన్‌కు చెందినది ఒకటి, జవాబే దొరకని స్పెక్ట్రమ్ ఒకటి అందులో ఉంటాయి. పార్సర్ వాటిని చదివితే ఏమి రావాలో చేత్తో లెక్కకట్టి పక్కన రాసి పెట్టుకున్నాము. ప్రోగ్రాములో ఒక అక్షరం మారినా, ఇంజిన్ రూపం మారినా, ముందు ఆ ఫైలు మీద నడుపుతాము. జవాబు లేని స్పెక్ట్రమ్‌ను చేర్చడానికీ కారణం ఉంది: మాస్కాట్ అటువంటి చోట -1 అని మాత్రమే రాస్తుంది, దాన్ని పెప్టైడ్‌గా చదవబోయి ఆగిపోయిన పార్సర్లను చూశాను. ఆగిపోవడం ఒక విధంగా మేలే, కనీసం తెలుస్తుంది.

మీ పత్రికకు నా విన్నపం ఇది. ఇకపై ఇటువంటి పరిశోధన గురించి రాసేటప్పుడు, ఏ యంత్రంతో కొలిచారన్నదానితో పాటు ఏ సెర్చ్ ఇంజిన్ వాడారు, దాని ఫలితాలను దేనితో చదివారు, ఒక శాతం తప్పుల హద్దును స్పెక్ట్రమ్ స్థాయిలో పెట్టారా, పెప్టైడ్ స్థాయిలో పెట్టారా, ప్రొటీన్ స్థాయిలో పెట్టారా అని మీ విలేఖరులు పరిశోధకులను అడగాలి. ఈ మూడు స్థాయిలలో ఒకే ప్రయోగానికి వచ్చే సంఖ్యలు వేర్వేరుగా ఉంటాయి. స్పెక్ట్రమ్ స్థాయిలో ఒక శాతమే ఉన్న తప్పులు ప్రొటీన్ల జాబితాకు వచ్చేసరికి అంతకన్నా పెద్ద వాటా అవుతాయి. ఎందుకంటే సరైన జవాబులు ఒకే ప్రొటీన్ చుట్టూ గుమిగూడుతాయి, తప్పు జవాబులు తలా ఒక ప్రొటీన్ మీద వాలుతాయి. ఆ వ్యాసంలోని ‘వేల ప్రొటీన్లు’ ఏ స్థాయి లెక్కో తెలిస్తే, వ్యాసకర్త ఒక చిన్న వివరణగా ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ప్రొటీన్ ప్రయోగశాలలో ఫలితాల ఫైళ్ళు చదివే ఒక పాఠకుడు